లోత్‌కూ లోద్‌కూ నడుమ మా బాపు

నిన్న మధ్యాహ్నం నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. లోపలి గదిలో మా తమ్ముని మనుమరాలు బ్యాంకు పరీక్ష కోసం ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతోంది. వీధిలో పోయే ఆటోల మోతలో కొన్ని మాటలు కొట్టుకుపోతున్నా, ఒక మనిషికి ఒకటి ఇష్టం లేదని చెప్పడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నిటినీ ఆ పిల్ల వరుసగా చదువుతున్నదని మాత్రం తెలుస్తూనే ఉంది. హేట్ అంటే ద్వేషించు, డిటెస్ట్ అంటే ఏవగించుకొను, అలా చదువుతూ పోయి ఒకచోట ఆగి, "లోత్ అంటే మనసొప్పని, లోద్ అంటే అసహ్యించుకొను, చివర 'ఈ' అక్షరం ఉంటే రెండోది" అని మూడుసార్లు గట్టిగా చెప్పుకుంది. నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఆ రెండు మాటల తేడా నేను నేర్చుకున్న తీరు వేరు. చెప్పే ఓపిక నాకున్నా వినే తీరిక ఆ పిల్లకు లేదు గనుక, నా ఈడు వాళ్ళు ఎవరైనా చదువుతారని ఇక్కడ రాసుకుంటున్నాను.

బోధన్‌లో నిజాం సర్కారు చక్కెర కార్ఖానా చిమ్నీ రోజుకింత పైకి లేస్తున్న రోజులంటే మీకు కాలం పట్టుబడుతుంది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. నిజామాబాద్ బజారులో మా బాపుకు, అంటే నాయనకు, చిన్న బట్టల దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అంగడి రోజున వచ్చి చీరలు, రవికె గుడ్డలు తీసుకుపోయేవారు. బాపు మాటలు తక్కువ మనిషి. బట్ట కొలిచేటప్పుడు గజంబద్ద దాటి నాలుగు వేళ్ళు ఎక్కువే వదిలేవాడు తప్ప, ఇది మంచిది, ఇది చాలా రోజులు నిలుస్తుంది అని నోరు తెరిచి చెప్పేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైందో ఎక్కువైందో ఆయన ముఖం చూసి మా అమ్మ, అదే మా అవ్వ, తెలుసుకోవలసిందే.

నాకు తొమ్మిదో ఏట పెళ్ళి చేసి, పన్నెండో ఏట అత్తవారింటికి పంపారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ ఇంటి అబ్బాయి జ్వరంతో పోయాడు. బాపు వచ్చి నన్ను బండిలో తీసుకొచ్చుకున్నాడు. ఆ అబ్బాయి ముఖం ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా నాకు గుర్తు రాదు, అంత తక్కువ చూశాను. ఇంటికొచ్చాక నన్నెవరూ ఒక్క కటువైన మాట అనలేదు. నా వంటి వాళ్ళు ఆ కాలంలో పడిన బాధలు నేను పడలేదనే చెప్పాలి. కాకపోతే నాకు ఏది ఇష్టం, ఏది ఇష్టం కాదు అని అడిగిన వాళ్ళూ లేరు. బాపు నా ముఖంలోకి చూడడమే మానేశాడు. నేను ఎదురుపడితే తల వంచుకుని చెప్పులు వెతుక్కునేవాడు. అది చూసి చూసి, ఈయనకు నేను బరువైపోయానన్న అనుమానం నా మనసులో పాతుకుపోయింది. అది నోరు తెరిచి అడిగేదీ కాదు, అడిగితే చెప్పే మనిషీ కాదు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో సర్కారు కచేరీలో ఉర్దూ, బజారులో తెలుగూ మరాఠీ వినపడేవి. ఇంగ్లీషు కనబడేది మాత్రం రెండే చోట్ల, రైల్వే స్టేషన్ బోర్డు మీదా, మిషన్ దవాఖాన మందు సీసాల మీదా. స్టేషన్‌లో గూడ్సు క్లర్కు భార్య గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. నేను ఆమెను స్టేషనక్క అనేదాన్ని. పిల్లలు లేరు, ఆ ఊరి భాష ఈ ఊళ్ళో చెల్లక మాట్లాడే తోడూ లేదు. ఊరగాయలు పెట్టడానికి సాయంగా నన్ను పంపమని మా అవ్వను అడిగింది. ఊరగాయ నాలుగు రోజుల్లో అయిపోయింది, ఇంగ్లీషు మాత్రం మూడేళ్ళు సాగింది. ఆమె భర్త చదివి పక్కన పెట్టిన వాచకాలతో మొదలుపెట్టి, చివరికి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి నాకే ఇచ్చేసింది.

ఎందుకో గానీ ఆ నిఘంటువులో నాకు ముందుగా పట్టుబడినవి ఇష్టం లేదని చెప్పే మాటలే. తెలుగులో ఆ మాట అనే హక్కు నాకు లేదు. ఇంగ్లీషులో అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. పెరట్లో బట్టలు ఉతుకుతూ రాతి మీద ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మాట అనేదాన్ని. నెత్తి మీది ముసుగును డిటెస్ట్ అనేదాన్ని. పెళ్ళి పిలుపుకు వచ్చినవాళ్ళు నన్ను చూసి పక్కకు తిరిగితే హేట్ అనుకునేదాన్ని. ఉపవాసం రోజును మాత్రం డిస్‌లైక్ అని ఊరుకునేదాన్ని, ఎందుకంటే ఆ రోజు అవ్వ బెల్లంతో అటుకులు కలిపి పెట్టేది, అంత పెద్ద మాట అనబుద్ధి అయ్యేది కాదు. అవ్వ అవన్నీ విని, స్టేషనక్క ఏదో దేవుని పాట నేర్పిందనుకుని సంతోషపడేది.

ఆ ఏడు వానకాలంలో మా అక్కకు రెండో కాన్పు వచ్చింది. అక్కను బోధన్ అవతల, చందూర్ పోయే దారిలో ఒక ఊరికి ఇచ్చారు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారాక ఆ వైపు భూముల రూపే మారిపోయింది. ఏటా జొన్న వేసే చోట మా బావ కొత్తగా చెరుకు పెట్టి, రోజుకు రెండుసార్లు పోయి దాన్ని చూసుకుని వచ్చేవాడు. పురిటి ఇంట్లోకి నా వంటిది రాకూడదని అక్క అత్తగారు అడ్డం చెబితే, అక్క నడుము మీద చేతులు పెట్టుకుని, "నా చెల్లె రాకుంటె నేను కననే కన" అన్నదట. అలాంటి మాటకు ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు, నన్ను పిలిపించారు.

నొప్పులు మొదలై ఒక రోజంతా గడిచింది. రెండో రోజు పొద్దుటికి ఊరి మంత్రసాని, తన వల్ల కాదని చేతులు కడుక్కుని గడప మీద కూర్చుంది. మిషన్ దవాఖాన డాక్టరమ్మ నెలకొకసారి బోధన్ వచ్చి రోగులను చూసేది, మా అదృష్టం కొద్దీ ఆమె ఆ రోజు అక్కడే ఉంది. బావ బండి కట్టుకుని పోయి మధ్యాహ్నానికి ఆమెను తీసుకొచ్చాడు. ఆమె ఇంగ్లీషు దొరసాని. ఎండకు కందిన ముఖం, మోకాళ్ళ దాకా బురద. బండి దారిలో దిగబడితే దిగి తాను కూడా తోసిందట. లోపలికి వస్తూనే పెట్టె తెరిచి, ఒక మందు పేరు చెప్పి సీసా అందివ్వమని తన భాషలోనే అడిగింది, ఎవరికో అర్థమవుతుందని కాదు, అలవాటు కొద్దీ. మూడు సీసాలలో నేను పేరు చదివి ఒకటి అందించాను. ఆమె నాకేసి ఒక్కసారి చూసి, ఇక్కడ పట్టుకో, అక్కడ తుడువు అని పని చెబుతూ పోయింది. పొద్దు వాలక ముందే ఆడపిల్ల పుట్టింది. నేనున్న చోట మంచి జరగదని అయిదేళ్ళుగా వింటున్న దాన్ని, ఆ పిల్ల ఏడుపు విని గోడకు ఆనుకుని నేనూ ఏడ్చాను. అక్క అత్తగారు వచ్చి నా చేతిలోనే పిల్లను పెట్టింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, తన దవాఖానలో ఆడపిల్లలకు ప్రసూతి పని రెండేళ్ళు నేర్పుతారనీ, అక్కడే ఉండి నేర్చుకోవాలనీ, మా నాయనను అడిగి ఉత్తరం రాయమనీ చెప్పింది.

నిజామాబాద్ వచ్చి బాపుకు చెప్పాను. కాదనలేదు, "సూద్దాం తియ్" అని దుకాణానికి పోయాడు. మూడు వారాలు అలాగే చూశాడు. చుట్టాలలో కొందరు, దవాఖానకు పోతే మతం కలుపుతారని చెప్పిపోయారు. ఇంకొందరు, కులం లేని నెత్తురంతా ముట్టుకోవాలి గదా అన్నారు. చివరికి ఒకనాడు బాపు అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండానే, "మనసొప్పుతలేదు బిడ్డ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నా అనుమానానికి అది ఇంకో మేకు. నన్ను ఇంట్లో చూడలేడు, బయటికి పంపితే నలుగురిలో తలవంపులు, అంతే అనుకున్నాను.

దసరా తర్వాత తరగతి మొదలవుతుందని, రానిదీ వచ్చేదీ తెలపమని దవాఖాన కంపౌండరుతో డాక్టరమ్మ కబురు పంపింది. జవాబు ఇంగ్లీషులో రాసి ఆమెను మెప్పించాలని నా పట్టుదల. దిద్దిపెట్టే స్టేషనక్క అప్పుడే పుట్టింటికి వెళ్ళింది. నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నాను. డిస్‌లైక్ అంటే చిన్నపిల్లల మాటలా ఉంది, హేట్ అంటే తప్పు. వెతకగా వెతకగా ఒకదాని కింద ఒకటి రెండు మాటలు దొరికాయి, పైదానికి ఎదురుగా మనస్కరించని అని ఉంది. నాకు కావలసింది అదే. అయితే కిందిది ఒక అక్షరం పొడుగు, చివర పలకని 'ఈ' ఉంది. ప్లీజ్‌కు చివర అదే అక్షరం, గ్రేస్‌కు అదే, ఒబ్లైజ్‌కూ అదే. మర్యాద గల మాటలన్నిటికీ చివర అది ఉంటుందని నాకు నేను చేసుకున్న సూత్రం ఒకటి ఉండేది. బాపు గురించి రాస్తున్నాను గదా, గౌరవంగా ఉండాలని ఆ పొడుగు మాటనే తీసుకున్నాను, అది అదే మాటకు పెద్దరికం అనుకుని దాని అర్థం సరిగ్గా చూడనే లేదు. మూడో మనిషి గురించి రాస్తే చివర ఎస్ చేర్చాలని స్టేషనక్క చెప్పిన పాఠం గుర్తొచ్చి అదీ చేర్చాను. 'మై ఫాదర్ లోద్స్ మీ టు కమ్' అని రాసి, నేను రాకపోవడానికి ఇంకే కారణమూ లేదని కూడా కింద చేర్చి, కంపౌండరు చేతికిచ్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు టాంగా ఆగింది. బాపు అన్నానికి వచ్చి, రాగి చెంబుతో కాళ్ళు కడుక్కుంటున్నాడు. డాక్టరమ్మ దిగి సరాసరి లోపలికి వచ్చింది. ఆమెది పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు, మా బజారులో ఎవరూ మాట్లాడనిది. నిలబడే చెప్పింది.

"అయ్యా, మీ కుమార్తె వ్రాసిన ఉత్తరము నాకు చేరినది. మీరు ఈమెను అసహ్యించుకొనుచున్నారని ఇందులో ఉన్నది. అది నిజమైన యెడల ఈమెను నేడే నా వెంట తీసికొనిపోయెదను."

బాపు చేతిలో చెంబు వంగిపోయి నీళ్ళు వాటంతట అవే పోతున్నాయి. నేను వంటింటి తలుపు దగ్గర ఉన్నాను. ఎక్కడో తప్పు రాశానని అప్పుడే తెలిసింది. ముందుకు వచ్చి, అది నా పొరపాటు అని చెప్పవలసినదాన్ని. చెప్పలేదు. నిజం ఒప్పుకుంటున్నాను, ఆయన ఏమంటాడో వినాలని అక్కడే నిలబడ్డాను. అయిదేళ్ళుగా నేను అడగలేని ప్రశ్నను ఎవరో నా తరఫున అడిగారు.

"గా మాట ఎవరు రాసిన్రు?" అన్నాడు బాపు.

"మీ కుమార్తెయే."

ఆయన నాకేసి తిరిగి, నేను తిరిగొచ్చిన తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "నేను నిన్ను అసయించుకుంటున్ననా, బిడ్డ?"

లేదు అని అనడానికి నాకు నోరు రాలేదు. అది చూసి ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత మాట్లాడింది డాక్టరమ్మతోనో, చెంబుతోనో, తనతో తానో నాకు తెలియదు గాని, మా బాపు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"మనసొప్పుతలేదన్న. గంతే అన్న. ఒక్కపారి పంపిన డాక్టరమ్మ. పన్నెండేండ్ల పిల్ల, నేను పోను బాపు అని బండి బొంగు పట్టుకున్నది. అందరు పంపుతరు గద అని నేనే ఏలు ఏలు ఇడిపించిన. ఎట్ల పంపిన, మల్ల ఎట్ల తోలుకొచ్చుకున్న. గప్పటి సంది ఆ పిల్ల మొకం సూడాలంటె నాకే మొకం లేదు. ఇంక మల్ల పంపుమంటె, ఈ చేతులతోని ఎట్ల పంపాలె?"

నేను బండి వెదురు బొంగు పట్టుకున్న సంగతి నాకే గుర్తు లేదు.

డాక్టరమ్మకు ఆ మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో గాని, ఆమె కూడా వచ్చి ఆ మెట్టు మీదే కొంచెం ఎడంగా కూర్చుంది. ఏ పుస్తకం చూసి రాశావో తెమ్మని నన్నడిగింది. నిఘంటువు తెచ్చి వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ రెండు మాటలూ చూసి, ఉత్తరం చూసి, చేతి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేటట్టు నవ్వింది. జేబులోంచి పెన్సిలు తీసి నా ఉత్తరంలో ఎస్ కొట్టేసింది, 'ఈ' కొట్టేసింది, మిగిలిన వాక్యం కూడా దిద్ది మా బాపు చేతికే ఇచ్చింది, ఆయనకు ఇంగ్లీషు రాదన్న సంగతి మరిచిపోయి. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడేమున్నదని నన్నడిగాడు. "నీకు మనసొప్పుతలేదని ఉన్నది బాపు" అన్నాను. "గది నిజమే" అన్నాడు.

మా అవ్వ వంటింట్లోంచే, "గా ఒక్క అక్షరానికి ఆమె ఇంత ఎండల వచ్చిందా, సల్ల తాగి పొమ్మను" అన్నది. డాక్టరమ్మ రెండు లోటాల చల్ల తాగింది. వెళ్తూ వెళ్తూ బాపుతో, "మీరు వచ్చి చూడుడి. చూచిన తరువాత కాదనిన యెడల నేను మరల అడుగను" అన్నది.

మరునాడు బాపు దుకాణం తెరవలేదు. నన్ను టాంగా ఎక్కించుకుని గంట దూరంలో ఉన్న ఆ దవాఖానకు పోయి, పెళ్ళి సంబంధం చూడబోయినవాడి కంటే జాగ్రత్తగా చూశాడు. ఆడపిల్లలు ఉండే గది తలుపు గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి లాగాడు. బావి లోతు అడిగాడు. వంట ఎవరు చేస్తారో అడిగి, ఆ వంటమనిషిని పిలిపించి ఆమెది ఏ ఊరో కనుక్కున్నాడు. చివరికి, "మతం కలుపుతరని అంటున్నరు" అని డాక్టరమ్మ ముఖం మీదనే అనేశాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఈమె మనస్సు ఈమెది. నేను అడిగినను కాదనగలదు, మీరు అడిగినను కాదనగలదు" అన్నది. ఆ జవాబు బాపుకు నచ్చిందో లేదో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో సగం దారి వచ్చాక రైలు గేటు వేసి ఉంటే టాంగా ఆగింది. గూడ్సు బండి పోతున్నంతసేపూ బాపు డబ్బాలు చూస్తూ కూర్చుని, ఆఖరి డబ్బా దాటాక, "మనసైతె ఇప్పటికి ఒప్పుతలేదు. పో బిడ్డ" అన్నాడు.

దసరా వెళ్ళిన వారానికి ఆయనే నా ట్రంకు పెట్టె మోసుకొచ్చి దించాడు. ఆ రెండేళ్ళూ ప్రతి ఆదివారం వచ్చి, గేటు బయట రేకుల కొట్టం కింద గంటసేపు కూర్చునేవాడు. అవ్వ కట్టిచ్చిన మూట నా ఒళ్ళో పెట్టి, నేను తింటుంటే చూసేవాడు. మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. కాని నేను లోపలికి పోయేటప్పుడు, నా ముఖం చూసే, "ఇంటికి రారాదు" అనేవాడు, వచ్చెయ్యకూడదా అని. నేను రానంటే సరే అని లేచేవాడు. ఒక్క ఆదివారం కూడా ఆ మాట అడగడం మానలేదు.

చదువు అయ్యాక నాకు బోధన్ వైపే పని దొరికింది. అప్పటికి చిమ్నీలోంచి పొగ వస్తోంది, గాలి మళ్ళితే బెల్లం కాగిన వాసన ఊళ్ళకు ఊళ్ళనే కమ్మేది. చెరుకు కొట్టడానికి వచ్చిన కూలీల గుడిసెల్లో, బండ్ల మధ్య, ఒకసారి కాలువ గట్టు మీద గొంగడి అడ్డం కట్టి, ఎందరికి పురుడు పోశానో నేను లెక్క పెట్టుకోలేదు. నెత్తి మీది ముసుగు ఎప్పుడు తీసేశానో కూడా గుర్తు లేదు. పనిలో అడ్డమొచ్చి ఒకనాడు తీసి పక్కన పెట్టాను, మళ్ళీ వేసుకోలేదు.

ఎక్కడికి మార్చినా బాపు నా వెంట వచ్చేవాడు. సిరికొండ వైపు వేసినప్పుడు, "అంత అడివి, నాకు ఇష్టం లేదు" అంటూనే పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ఆ ఊళ్ళో దిగి ఇల్లు చూసి ఇదీ బాగలేదన్నాడు. బాగలేదంటూనే కిటికీ రెక్కకు కొత్త మేకులు కొట్టి, పొయ్యి వేసి, పక్కింటి ముసలమ్మను పిలిచి నన్ను అప్పగించి, మరునాడు బస్సెక్కాడు. నడుము వంగి పెట్టె మోయలేని రోజుల్లో కూడా, తాను ముందు నడిచి పెట్టె మోసే మనిషికి దారి చూపించేవాడు.

ఇప్పుడు కాలం మంచికే మారింది, అది కాదనను. తండ్రులు బిడ్డలను స్కూటరు మీద ఎక్కించుకుని పోయి దూరపు చదువులకు సంతోషంగా సాగనంపుతున్నారు, పిల్లలు కూడా వెనక్కి చూడకుండా బస్సెక్కుతున్నారు. అలాగే ఉండాలి. మా బాపు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ వయసులో నేను తీర్థానికి పోతానన్నా, బోధన్ పోయి నాలుగు రోజులు ఉండి వస్తానన్నా ఇంట్లో అందరూ వెళ్ళి రమ్మనే అంటారు, టికెట్టు కూడా వాళ్ళే తెచ్చిపెడతారు. మనసొప్పుతలేదు బిడ్డ అని గడపలో నిలబడే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.